బర్మా మినుములు కొనడం న్యాయమేనా? హక్కులను కాలరాసే ప్రభుత్వాలతో వ్యాపారంపై చర్చ

జార్జిటౌన్ పప్పులు (చెన్నై):

సభ్యులందరికీ నమస్కారం. మాది జార్జిటౌన్‌లో పప్పుదినుసుల టోకు వ్యాపారం. కొత్వాల్ చావడి దగ్గర తాతగారు మొదలుపెట్టిన కొట్టును ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మేము అమ్మే మినుముల్లో పెద్ద భాగం బర్మావే. రేవులో దిగిన సరుకును ఇక్కడి మిల్లులకూ, విరుదునగర్‌కూ, ఒక్కొక్కసారి విజయవాడకూ పంపుతాం. ఈ నగరంలో ఉదయం ఇడ్లీ తినేవారిలో ఎంతోమంది విస్తట్లో ఆ దేశపు గింజ ఉంటుంది.

2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం అధికారాన్ని లాక్కున్నది. అప్పటి నుంచి జరుగుతున్న హింస గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. 2023 ఏప్రిల్ 11న సగైంగ్ ప్రాంతంలోని పజీజీ అనే ఊరిలో జనం గుమిగూడిన చోట విమానాల నుంచి బాంబులు వేస్తే 160 మందికి పైగా చనిపోయారు. సగైంగ్ పేరు నాకు అంతకుముందు కందుల వల్లనే తెలుసు. మనకు వచ్చే కందుల్లో చాలా భాగం సగైంగ్, మగ్వే, మాండలే ప్రాంతాలవే.

ఒక కంటైనరు దిగితే నా బల్ల మీదికి ఒక కాగితాల కట్ట వస్తుంది. సరుకు ఓడ ఎక్కిందని చెప్పే బిల్ ఆఫ్ లేడింగ్ ఉంటుంది, సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్ ఉంటుంది, పురుగు లేదని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉంటుంది, పొగ పెట్టినట్టు ఫ్యూమిగేషన్ కాగితం ఉంటుంది. గింజలో తేమ ఎంతో, మట్టి ఎంతో, పుచ్చు ఎంతో అన్నీ రాసి ఉంటాయి. నేను కట్టిన సొమ్ము చివరికి ఎవరి చేతికి చేరిందో చెప్పే కాగితం మాత్రం అందులో ఒక్కటీ ఉండదు. ఈ వ్యాపారం చేయడం న్యాయమేనా, న్యాయం కాకపోతే ఏ హద్దు దగ్గర ఆగాలి అన్నది నా ప్రశ్న. దయచేసి లాభనష్టాల సంగతి పక్కన పెట్టి చెప్పండి, వాటి లెక్క నేను వేసుకోగలను.

వేళచ్చేరి విద్యార్థి:

జార్జిటౌన్ గారూ, ఒక వ్యాపారి తనంతట తాను ఈ ప్రశ్న వేయడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. నా జవాబు మాత్రం కఠినంగానే ఉంటుంది. కొనకూడదు.

చైనాలోని షిన్‌జియాంగ్ విషయమే తీసుకోండి. ప్రపంచంలో పండే పత్తిలో సుమారు అయిదో వంతు అక్కడిదే. వీగర్ ముస్లింలను నిర్బంధించడం, బలవంతంగా పనుల్లో పెట్టడం గురించి ఏళ్ళ తరబడి ఆధారాలు బయటికి వచ్చాక అమెరికా 2021 డిసెంబరులో ఒక చట్టం చేసి 2022 జూన్ నుంచి అమలులో పెట్టింది. ఆ ప్రాంతపు సరుకు ఏదైనా వెట్టిచాకిరీతో తయారైనదేనని ఆ చట్టం ముందుగానే భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవలసిన భారం దిగుమతిదారుదే. అక్కడి పరిస్థితి మానవాళిపై నేరాల కిందికి రావచ్చునని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న నివేదిక ఇచ్చింది. ఆ నివేదికపై కనీసం చర్చ అయినా జరపాలన్న ప్రతిపాదన అదే అక్టోబరులో మానవ హక్కుల మండలిలో 17కు 19 ఓట్లతో వీగిపోయింది. ఓటు వేయకుండా కూర్చున్న 11 దేశాలలో మనమూ ఉన్నాం.

బర్మా విషయంలోనూ అంతే. ఆ దేశానికి ఆయుధాలు పోకుండా చూడాలని 2021 జూన్‌లో సర్వప్రతినిధి సభ తీర్మానం చేస్తే అక్కడా మనది తటస్థ వైఖరే. అదే నెలలో ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు కొంటామని అయిదేళ్ళకు ఒప్పందం రాసుకున్నాం. ప్రభుత్వం నోరు విప్పనప్పుడు కనీసం కొనేవాడైనా చెయ్యి వెనక్కి తీసుకోవాలి కదా!

పెరంబూరు పంతులు:

నాయనా, మన దేశం ఇలాంటి విషయాల్లో ఎప్పుడూ ఊరుకున్నదని మాత్రం అనుకోవద్దు. నేను చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక ఒక సంగతి గుర్తు చేస్తాను. దక్షిణాఫ్రికాలో భారతీయుల భూమి హక్కులను హరించే చట్టం వచ్చినప్పుడు, 1946లో, ప్రపంచంలో అందరికంటే ముందు ఆ దేశంతో వర్తకం తెంచుకున్నది మనమే. అప్పటికి స్వాతంత్ర్యం కూడా రాలేదు. మన ఎగుమతుల్లో సుమారు 5.5 శాతం ఆ దేశానికే వెళ్ళేది. బీద దేశం అంత వదులుకున్నది, 1993 దాకా ఆ మాట మీదే నిలబడింది. పెద్ద దేశాలు చాలా కాలం కదలలేదు. అమెరికా తన సమగ్ర ఆంక్షల చట్టాన్ని చేసుకున్నది 1986లో, అది కూడా తన అధ్యక్షుడు రీగన్ వీటో చేసినా కాదని.

అయితే అక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఆ బహిష్కారం కావాలని అడిగింది బాధితులే. ఆల్బర్ట్ లుతూలీ వంటి ఆఫ్రికన్ నాయకులు, దాని వల్ల తమ ప్రజలకు కష్టం కలుగుతుందని తెలిసే, మీరు మా సరుకు కొనవద్దని ప్రపంచాన్ని కోరారు. 1959లో లండన్‌లో మొదలైన బహిష్కారోద్యమం ఆ పిలుపు నుంచే పుట్టింది. మనం ఒకరి తరఫున వారి అన్నం ముద్ద తీసివేయడం వేరు, వారే ఆ త్యాగానికి సిద్ధపడి మన తోడు అడగడం వేరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1791 ప్రాంతంలో ఇంగ్లండులో లక్షల మంది ప్రజలు వెస్టిండీస్ బానిసల చెమటతో తయారైన పంచదార వాడడం మానుకున్నారు. అది గొప్ప ఉద్యమమే. దాని బదులు బానిసల చేత చేయించనిదని చెప్పి ఈస్టిండియా పంచదార కొన్నారు. ఆ నాటికి కంపెనీ ఏలుబడిలో ఉన్న మన దేశంలోనూ బానిసత్వం ఉన్నది. దానికి చట్టబద్ధత తీసివేసింది 1843లో. ఒకచోటు నుంచి చెయ్యి తీసి ఇంకొకచోట పెట్టేటప్పుడు ఆ రెండో చోటును కూడా చూసుకోవాలని దీన్ని చెబుతున్నాను.

కృష్ణాతీరం (తొరైపాక్కం):

నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా మా నాన్నగారు తెనాలి దగ్గర ఇప్పటికీ సేద్యం చేస్తున్నారు. మాది మాగాణి మినుము. వరి కోతకు ముందు, నేలలో పదును ఉండగానే విత్తనం చల్లుతారు. తర్వాత నీరు పెట్టే పని ఉండదు, మంచు మీదే పంట వస్తుంది. పల్లాకు తెగులు తగిలితే మాత్రం చేను చేనంతా పచ్చబడిపోతుంది, పెట్టుబడి కూడా తిరిగి రాదు. తెగులు తప్పించుకుని పంట ఇంటికి వచ్చిన ఏడాది, సరిగ్గా ఆ రోజుల్లోనే బర్మా సరుకు రేవులో దిగుతుంది. అక్కడా కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. సుంకం లేకుండా దిగుమతికి అనుమతి ఉంటే మా ధర ఏమవుతుందో జార్జిటౌన్ గారికి నాకంటే బాగా తెలుసు.

కాబట్టి నేను దాపరికం లేకుండా చెబుతాను. మానవ హక్కుల కారణంగా అయినా సరే, ఆ దిగుమతులు ఆగితే మా రైతులకు మేలు. నాకు అందులో స్వార్థం ఉన్నది. స్వార్థం ఉన్నంత మాత్రాన నా వాదన తప్పయిపోతుందా? అక్కడి సైన్యం రైతు కష్టాన్ని దోచుకుంటున్నది నిజమైతే, ఆ చవక సరుకుతో ఇక్కడి రైతు పోటీ పడవలసి రావడం కూడా అన్యాయమే.

మైలాపూరు న్యాయవాది:

కృష్ణాతీరం గారు తమ ప్రయోజనాన్ని ముందే చెప్పడం మంచిదయింది, ఎందుకంటే అంతర్జాతీయ వాణిజ్య చట్టం ఈ ప్రశ్న దగ్గరే దశాబ్దాలుగా చిక్కుకుని ఉన్నది. 1996లో సింగపూర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రులు సమావేశమైనప్పుడు, కార్మిక ప్రమాణాలను గౌరవిస్తామంటూనే వాటిని స్వదేశీ పరిశ్రమల రక్షణకు సాకుగా వాడరాదని ప్రకటించారు. ఆ మాట పెట్టించడానికి గట్టిగా పట్టుబట్టిన దేశాలలో మనది ఒకటి. మన చేనేత, తివాచీ, తోలు సరుకుల మీద ధనిక దేశాలు అదే ఆయుధం ప్రయోగిస్తాయన్న భయం అందుకు కారణం, అది నిరాధారమైన భయం కూడా కాదు.

అంటే చట్టం మన చేతులు పూర్తిగా కట్టివేసిందని కాదు. గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలోని 20వ అధికరణం ప్రజల నైతికతను కాపాడడానికీ, ఖైదీల చేత చేయించిన సరుకును ఆపడానికీ మినహాయింపులు ఇస్తుంది. మన 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 11వ సెక్షన్ కింద నైతిక ప్రమాణాల పరిరక్షణకు కేంద్ర ప్రభుత్వం దిగుమతిని నిషేధించవచ్చు. ఇక రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధిస్తుంది. 1982లో ఏషియాడ్ కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువ కూలికి పని చేయించుకోవడం కూడా వెట్టి కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. ఇంత ఉదారమైన నిర్వచనాన్ని మన గడ్డ మీద అంగీకరించిన మనం, సముద్రం దాటి వచ్చే సరుకు విషయంలో ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం నాకు సమంజసంగా కనిపించదు. అయితే దేశాన్ని మొత్తంగా వెలివేయడానికీ, ఒక ప్రత్యేకమైన అన్యాయంతో తయారైన సరుకును ఆపడానికీ ఎంతో తేడా ఉంది. మినుముల విషయంలో ఆ అన్యాయం ఎక్కడ జరుగుతున్నది? చేనులోనా, రేవులోనా, బ్యాంకులోనా? ఇది తేల్చకుండా ముందుకు వెళ్ళలేము.

రంగూన్ మనవరాలు (వ్యాసర్పాడి):

ఇన్ని మాటల్లో ఆ దేశపు రైతు ఇంతవరకు రాలేదు కనుక నేను రాస్తున్నాను. మా తాతగారు రంగూన్ రేవులో పని చేశారు. 1930లో అక్కడి రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగిన సంగతి ఆయన చెప్పేవారు. నే విన్ సైనిక ప్రభుత్వం అంగళ్ళనూ వ్యాపారాలనూ జాతీయం చేసినప్పుడు మా వాళ్ళు అన్నీ వదిలి ఓడ ఎక్కి విశాఖపట్నం చేరారు. అక్కడి బర్మా క్యాంపులో మా బంధువులు ఇప్పటికీ ఉన్నారు. ఆ సైన్యం మీద నాకు ఎలాంటి అభిమానమూ లేదని చెప్పడానికే ఇదంతా.

మినుములు అక్కడి వారికి తిండి గింజ కాదు. ఐరావతీ డెల్టాలోనూ, పెగూ ప్రాంతంలోనూ వరి కోసిన చేలల్లో, అచ్చం కృష్ణాతీరం గారి ఊరిలో లాగానే, రెండో పంటగా వేస్తారు. పండినదంతా దాదాపుగా మన కోసమే. మనం కొనకపోతే ఏమవుతుందో ఊహించుకోవలసిన అవసరం కూడా లేదు, ఒకసారి జరిగింది. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం కందుల దిగుమతిని 2 లక్షల టన్నులకూ, మినుములు, పెసలు కలిపి 3 లక్షల టన్నులకూ కుదించింది. ఎటువంటి నైతిక కారణమూ లేదు, ఇక్కడ ధరలు పడిపోయాయని చేసిన పని. అక్కడ ధరలు కుప్పకూలాయి, అప్పు తెచ్చి పంట వేసిన రైతులు మునిగిపోయారు. అదే నెలలో ఆ దేశపు పడమటి కొసన ఉన్న రఖైన్‌లో రోహింగ్యాల ఊళ్ళు తగలబెట్టడం మొదలైంది, 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మన కొనుగోలు తగ్గినంత మాత్రాన సైన్యం చెయ్యి ఒక్క రోజైనా ఆగలేదు.

పంతులుగారు బాధితుల మాట వినాలన్నారు. 2021లో ఉద్యోగాలు వదిలి వీధుల్లోకి వచ్చిన అక్కడి ప్రజలు బహిష్కార పిలుపు ఇచ్చారు. అది సైన్యం సంస్థల మీద. మయన్మార్ బీరు తాగవద్దన్నారు, సైన్యానికి వాటా ఉన్న టెలిఫోన్ కంపెనీ సిమ్ వాడవద్దన్నారు, గ్యాసు సొమ్ము సైన్యానికి చేరకుండా ఆపమని విదేశీ కంపెనీలను వేడుకున్నారు. చేనులో పండిన గింజను కొనవద్దని వాళ్ళు మనల్ని అడగలేదు.

వేళచ్చేరి విద్యార్థి:

అమ్మా, రైతు గురించి మీరు చెప్పినది నన్ను ఆలోచనలో పడేసింది. కానీ న్యాయవాదిగారు అడిగిన ప్రశ్నకు జవాబు బ్యాంకులో దొరుకుతుందని నాకు అనిపిస్తున్నది. 2022 ఏప్రిల్‌లో అక్కడి కేంద్ర బ్యాంకు, ఎగుమతిదారులు సంపాదించిన డాలర్లను తాము చెప్పిన ధరకే ఆ దేశపు నాణెమైన క్యాట్‌లుగా మార్చుకోవాలని ఆజ్ఞ ఇచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టు నుంచి ఆ అధికారిక ధర డాలరుకు 2,100 క్యాట్‌లు. బయట 2023లోనే డాలరు 3,000 దాటింది. తరువాత ఆ నిబంధన నుంచి కొంత భాగానికి సడలింపు ఇచ్చినా, మిగతా భాగం మీద తేడా అంతా సైనిక ప్రభుత్వానికి మిగిలినట్టే. ఆ చవక డాలర్లతోనే విదేశాల నుంచి కావలసినవి కొనుక్కోగలుగుతున్నారు. చేనులో బలవంతం లేకపోయినా, రైతుకు చేరవలసిన దానిలో నుంచి కనిపించని పన్ను పోతున్నది. దానికి మనం సొమ్ము సమకూరుస్తున్నాం.

జార్జిటౌన్ పప్పులు:

విద్యార్థిగారు చెప్పినది నిజం. ఆ ఆజ్ఞ వచ్చిన రోజుల్లో ఎగుమతిదారులు ధర చెప్పడానికే తటపటాయించారు. మాకు డాలర్లలో చెప్పే ధర అలాగే ఉంటే, తమ చేతికి వచ్చే క్యాట్‌లు తగ్గిపోయాయి కాబట్టి ఆ తగ్గింపును గ్రామంలో కొనేటప్పుడు రైతు మీద వేశారు. 2024 జనవరి నుంచి రూపాయల్లోనే చెల్లించే ఏర్పాటు ఒకటి పంజాబ్ నేషనల్ బ్యాంకు ద్వారా వచ్చింది. డాలరు అక్కడి కేంద్ర బ్యాంకుకు చేరకపోవడం మేలే అనిపించింది. కానీ ఆ రూపాయలను చివరికి మన దేశపు సరుకు మీదే ఖర్చు చేయాలి. అది మందులైతే సంతోషం, మరొకటి అయితే?

మైలాపూరు న్యాయవాది:

ఆ "మరొకటి" దగ్గరే మన దృష్టి ఎక్కువ నిలవాలని నా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం, సైనిక తిరుగుబాటు తర్వాత ఆ దేశ సైన్యానికి కనీసం 100 కోట్ల డాలర్ల ఆయుధాలు, వాటి సామగ్రి చేరాయి. ఎక్కువ భాగం రష్యా, చైనా, సింగపూర్‌ల నుంచి వెళ్ళినది. భారత సంస్థల నుంచి, ప్రభుత్వ రంగ సంస్థలతో సహా, వెళ్ళినది 5.1 కోట్ల డాలర్లు. ఇక గ్యాసు సంగతి. ఆ దేశపు ష్వే గ్యాసు క్షేత్రంలో మన ఓ.ఎన్.జి.సి. విదేశ్‌కు 17 శాతం, గెయిల్‌కు 8.5 శాతం వాటాలు ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ చమురు, గ్యాసు సంస్థపై ఐరోపా సమాఖ్య 2022 ఫిబ్రవరిలో ఆంక్షలు పెట్టింది, టోటాల్, షెవ్రాన్ అనే విదేశీ చమురు కంపెనీలు అంతకు ముందు నెలలోనే వైదొలుగుతున్నట్టు ప్రకటించాయి.

మినపగింజ కొన్న వ్యాపారిని ముందు నిలదీసి, తుపాకీ భాగాలు అమ్మినవారిని వదిలివేస్తే ఆ నీతికి తూకం తప్పుతుంది. కొనడం వల్ల పరోక్షంగా సొమ్ము చేరుతుంది, అమ్మడం వల్ల నేరుగా చంపే సాధనమే చేరుతుంది. దక్షిణాఫ్రికా విషయంలో కూడా భద్రతామండలి 1977లో తప్పనిసరి చేసినది ఆయుధ నిషేధాన్నే.

అంబత్తూరు కుట్టు:

నేను అంబత్తూరులో ఒక రెడీమేడ్ దుస్తుల ఎగుమతి కంపెనీలో నాణ్యత, నిబంధనల విభాగంలో పని చేస్తున్నాను. ఇంతవరకు మనం వేలు చూపే వైపు నుంచి మాట్లాడుకున్నాం. వేలు మన వైపు తిరిగితే ఎలా ఉంటుందో నేను చూశాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

తమిళనాడులో దిండిగల్ దగ్గర ఒక దుస్తుల మిల్లులో ఒక దళిత యువ కార్మికురాలిని, నెలల తరబడి వేధించిన తరువాత, 2021 జనవరిలో సూపర్‌వైజరే హత్య చేశాడు. మహిళలు నడిపే కార్మిక సంఘం ఏడాదికి పైగా పోరాడింది. 2022 ఏప్రిల్‌లో ఆ సంఘానికీ, కంపెనీకీ, కొనుగోలు చేసే విదేశీ బ్రాండ్లకూ మధ్య దిండిగల్ ఒప్పందం కుదిరింది. వేధింపుల మీద ఫిర్యాదు చేస్తే విచారించే స్వతంత్ర యంత్రాంగం, ప్రతి వరుసలో కార్మికుల నుంచే గమనించేవారు, యాజమాన్యం మాట తప్పితే బ్రాండు ఆర్డర్లు తగ్గించవలసిన నిబంధన అందులో ఉన్నాయి. అదే ఏడాది జూలైలో అమెరికా కస్టమ్స్ ఆ మిల్లు సరుకును రేవులోనే ఆపివేసింది. ఒప్పందం వల్ల వచ్చిన మార్పును చూసి సెప్టెంబరులో ఆ నిషేధాన్ని తీసివేసింది. భారతదేశపు బట్టలన్నీ ఆపివేసి ఉంటే ఈ పక్క తిరుప్పూరు మూతపడేది, ఆ ఆడపిల్లలకు దక్కేది ఏమీ ఉండదు.

దీనికి విరుద్ధంగా జరిగినదీ ఉంది. 1993లో బాలకార్మికులు తయారుచేసిన సరుకును నిషేధించే బిల్లు అమెరికా చట్టసభకు వచ్చిందనగానే బంగ్లాదేశ్ కుట్టు ఫ్యాక్టరీలు పిల్లలను వీధిలోకి పంపివేశాయి. యూనిసెఫ్ అంచనా ప్రకారం వారు సుమారు 50,000 మంది. వారిలో చాలామంది బడికి పోలేదు. రాళ్ళు కొట్టే పనికీ, ఇంకా అధ్వానమైన పనులకూ పోయారు. 1995లో యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఫ్యాక్టరీ యజమానుల సంఘం కలిసి బడులూ భత్యమూ ఏర్పాటు చేసేదాకా ఆ తప్పు దిద్దుబాటు కాలేదు. బిల్లు చట్టం కూడా కాలేదు. భయం ఒక్కటే అంత పని చేసింది.

ఉజ్బెకిస్తాన్ పత్తి సంగతి వేరు. అక్కడ ప్రభుత్వమే ఏటా పిల్లలనూ, ఉపాధ్యాయులనూ, డాక్టర్లనూ బలవంతంగా పత్తి ఏరడానికి పంపేది. అక్కడి హక్కుల కార్యకర్తలే కోరగా 300కు పైగా కంపెనీలు ఆ పత్తి కొనబోమని ప్రమాణం చేశాయి. 2021 పంటలో ప్రభుత్వం చేయించే వెట్టి పోయిందని తేలాక 2022 మార్చిలో ఆ బహిష్కారాన్ని ఎత్తివేశారు. అక్కడ వెట్టి చేనులోనే ఉన్నది, చేయించేది ప్రభుత్వమే, సరుకు ఒక్కటే. అందుకే దెబ్బ తగలవలసిన చోటే తగిలింది.

తనిఖీల మీద మాత్రం ఎవరూ ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. ఆడిటర్ వచ్చే రోజు మాకు ముందే తెలుస్తుంది. మరుగుదొడ్ల దగ్గర కొత్త సబ్బు బిళ్ళలు పెడతారు, అత్యవసర ద్వారం ముందు పేర్చిన అట్టపెట్టెలు తీసివేస్తారు, అడిగితే ఏం చెప్పాలో లైను ఇన్‌చార్జి అందరికీ చెప్పి ఉంచుతాడు. ఆడిటర్ గదిలో కూర్చోబెట్టి అడిగితే, బయట ఆ ఇన్‌చార్జి తిరుగుతూ ఉండగా ఏ పిల్ల నోరు విప్పుతుంది? నోరు విప్పించేది సంఘం ఒక్కటే.

కృష్ణాతీరం:

రంగూన్ మనవరాలు గారు రాసినది నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. 2017 నాటి కుదింపు మాకు ఊరట ఇచ్చిందని ఆయనకు గుర్తుంది, అవతల ఏమి జరిగిందో ఆయనకు ఇప్పుడే తెలిసింది. మా కోరిక ఇప్పటికీ మారలేదు. మద్దతు ధరకు ప్రభుత్వం సకాలంలో కొనాలి, సుంకం మా కోతల కాలాన్ని చూసి నిర్ణయించాలి. కానీ దాన్ని రైతు కోరికగానే అడుగుతాను, మానవ హక్కుల పేరు పెట్టి అడగను. ఆ రెండూ కలిపితే రెండిటికీ విలువ పోతుంది.

పెరంబూరు పంతులు:

ఆ మాట బాగుంది. జార్జిటౌన్ గారూ, మీరు అడిగినది మీ కొట్టు గురించి. ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2019 ఆగస్టులో బర్మా సైన్యం ఆర్థిక ప్రయోజనాల మీద ఒక నివేదిక ఇచ్చింది. ఎం.ఇ.హెచ్.ఎల్., ఎం.ఇ.సి. అనే రెండు పెద్ద సైనిక సంస్థల చేతిలో కనీసం 106 వ్యాపారాలు ఉన్నాయని అందులో పేర్లతో సహా రాశారు. దేశం మొత్తాన్ని వెలివేయమని వారు చెప్పలేదు, సైన్యంతో సంబంధం లేని సంస్థలతో వ్యాపారం చేయమన్నారు. మీకు కావలసిన హద్దు గీత అక్కడ గీసి ఉన్నది.

జార్జిటౌన్ పప్పులు:

ఆ నివేదిక తెప్పించుకుని చదువుతాను. అయితే గీత మీద నడవడంలో ఉన్న చిక్కు మీకు చెప్పాలి. రంగూన్‌లో బయిన్నౌంగ్ టోకు మార్కెట్టులో ఎన్నో ఊళ్ళ సరుకు ఒకే కుప్పలో కలుస్తుంది. అక్కడ సంచి నింపి కుట్టాక ఆ గింజ ఏ రైతుదో దేవుడికే తెలియాలి. కాబట్టి చేను దాకా వెతకడం నా వల్ల కాదు. కానీ ఎగుమతిదారు ఎవరు, అతని వెనుక వాటాదారులు ఎవరు, సరుకు ఏ గోదాములో ఉన్నది, ఏ టెర్మినల్ నుంచి ఓడ ఎక్కింది, సొమ్ము ఏ బ్యాంకుకు పోయింది అన్న అయిదు విషయాలు అడిగి రాయించుకోవడం నా చేతిలో ఉన్న పనే. టెర్మినల్ చిన్న విషయం కాదు. అదానీ పోర్ట్స్ రంగూన్‌లో కట్టిన కంటైనర్ టెర్మినల్ భూమి ఎం.ఇ.సి. దగ్గర లీజుకు తీసుకున్నదే. చివరికి వారు 2023 మేలో దాన్ని 3 కోట్ల డాలర్లకు అమ్మివేసి బయటపడ్డారు.

వచ్చే కాంట్రాక్టు నుంచి ఈ వివరాలు లేనిదే ధర మాట్లాడవద్దని మా బ్రోకరుకు చెబుతున్నాను. రైతుకు చెల్లించిన ధరకు రసీదులు, వారి పేర్లు, ఊర్లు కూడా అడిగితే ఎలా ఉంటుంది?

రంగూన్ మనవరాలు:

అన్నయ్యగారూ, దయచేసి ఆ ఒక్కటి అడగవద్దు. ఊరి పేరు, రైతు పేరు ఉన్న జాబితా ఈమెయిల్‌లో తిరిగితే అది ఎవరి కంట పడుతుందో మనం చెప్పలేం. సగైంగ్‌లోనో మగ్వేలోనో ఫలానా ఊరివారు పంట అమ్ముకుని డబ్బు చేతిలో పెట్టుకున్నారని సైన్యానికి తెలిస్తే, ఆ డబ్బు ప్రతిఘటన దళాలకు పోతున్నదని ఆ ఊరి మీద పడవచ్చు. ఎగుమతిదారు వరకే అడగండి. అతని గురించి నిజం చెప్పగలవారు బయట ఉన్నారు, ప్రవాసంలో ఉన్న బర్మా హక్కుల సంఘాలు సైనిక సంస్థల వాటాదారుల వివరాలను నిత్యం ప్రకటిస్తూనే ఉన్నాయి.

మైలాపూరు న్యాయవాది:

ఆమె చెప్పినది అక్షరాలా పాటించండి. కాంట్రాక్టులో చేర్చవలసిన షరతు నేను రాసి పంపుతాను. ఎగుమతిదారుకు గానీ, గోదాముకు గానీ, టెర్మినల్‌కు గానీ సైనిక సంస్థలతో యాజమాన్య సంబంధం ఉన్నట్టు తేలితే పరిహారం లేకుండా కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు మీకు ఉండేలా ఉంటుంది. సరుకు ఓడ ఎక్కక ముందే ఈ హక్కు వాడుకోవాలి, ఎక్కాక వాడితే నష్టం చిన్న మధ్యవర్తి మీద పడుతుంది. దానితోపాటు, ప్రభుత్వాల మధ్య పప్పుల ఒప్పందం రాసుకునే ప్రతిసారీ ఇదే షరతును అందులో పెట్టాలనీ, ఆయుధ సామగ్రి ఎగుమతిని ఆపాలనీ వాణిజ్య మంత్రిత్వ శాఖకు ఒక వినతిపత్రం పంపుదాం. కృష్ణాతీరం గారు సంతకం పెడితే దానికి బలం వస్తుంది, రైతు తన పోటీదారు రైతు తరఫున మాట్లాడినట్టు ఉంటుంది.

కృష్ణాతీరం:

పెడతాను. నాన్నగారిని కూడా అడుగుతాను.

వేళచ్చేరి విద్యార్థి:

వినతిపత్రం ఇంగ్లీషు, తమిళ ప్రతులు నేను తయారుచేస్తాను. అయినా నా అభ్యంతరం తీరలేదని ఇక్కడ రాసి ఉంచడం అవసరం. ఎగుమతిదారు ఎంత మంచివాడైనా కేంద్ర బ్యాంకు మార్పిడి నిబంధన ఉన్నంత కాలం ఒక వాటా సైనిక ప్రభుత్వానికి పోతూనే ఉంటుంది. రైతు బతకడం కోసం దాన్ని భరించక తప్పదని మీరందరూ అంటున్నారు. రేపు అక్కడి ప్రజలే కొనడం ఆపమని అడిగితే? అప్పుడు జార్జిటౌన్ గారు ఆపుతారా?

జార్జిటౌన్ పప్పులు:

ఆపుతాను. బ్రెజిల్ మినుములు వస్తున్నాయి, మన మాగాణి మినుము ఉంది, ధర ఎక్కువైనా మిల్లులు కొంటాయి, కొన్నాళ్ళు మా కొట్టుకు లాభం తగ్గుతుంది. బ్రెజిల్‌లో వెట్టి పని చేయించిన యజమానుల జాబితాను అక్కడి ప్రభుత్వమే ప్రకటిస్తుంది, పంతులుగారు పంచదార గురించి చెప్పారు కనుక ఆ జాబితా కూడా చూసుకునే కొంటాను. ఇక ఎగుమతిదారు జవాబు చెప్పనంటే ఏం చేయాలన్నది ఇప్పటికే నిర్ణయించుకున్నాను. జవాబు రాకపోతే సంబంధం ఉన్నట్టుగానే లెక్క, అతని సరుకు మా గోదాములోకి రాదు. న్యాయవాదిగారూ, షరతు పంపండి, శుక్రవారం బ్రోకరు కొట్టుకు వస్తున్నాడు.